తెర అంటే చూడ్డానికే

మా వీధిలో దాన్ని ఎవరూ గోడ అనలేదు. రోడ్ల ఆఫీసు వాళ్ళు అంటించిన నోటీసులో "ధ్వని తెర" అని ఉంది. పోలండ్ అంతటా అలాగే అంటారు. టీవీకి ఉండేదీ తెరే, సినిమాహాల్లో ఉండేదీ తెరే, రోడ్డు చప్పుడు ఇళ్ళలోకి రాకుండా వరసగా నిలబెట్టే పొడుగాటి రేకులూ తెరే. గొడవంతా ఆ మాట దగ్గరే మొదలైంది.

మా బిల్డింగు కట్టినప్పుడు ముందున్న రోడ్డు చిన్నది. తరవాత దాన్ని వెడల్పు చేశారు. వార్సా వైపు వెళ్ళే లారీలన్నీ మా కిటికీల కింద నుంచే పోవడం మొదలైంది. వేసవిలో కిటికీ తెరిస్తే ఫోనులో మాట వినబడదు, మూస్తే ఉడికిపోతాం. మా మూడో అంతస్తులో కూడా అద్దాల బీరువాలోని కప్పులు సన్నగా మోగుతూ ఉండేవి. వాటి మధ్య నేను పాత గుడ్డముక్కలు పెట్టి ఉంచేదాన్ని.

తెర కోసం అందరికన్నా ఎక్కువగా తిరిగింది మొదటి అంతస్తులో ఉండే బోగ్నా. ఆమె భర్త జెనోన్ రాత్రి బస్సు నడుపుతాడు. తెల్లవారాక ఇంటికి వచ్చి పగలంతా పడుకోవాలి. ఆ చప్పుడులో ఏం పడుకుంటాడు? కిందటి శీతాకాలం ఒక రాత్రి స్టాపు దగ్గర కునుకు పట్టి బస్సును కాలిబాట మీదికి ఎక్కించాడు. బెంచీ ఒకటి విరిగింది. దాని మీద ఎవరూ కూర్చుని లేరు కాబట్టి సరిపోయింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే స్టీరింగు ముట్టుకోనివ్వమని, బస్సులు కడిగే షెడ్డులో వేస్తామని డిపోలో చెప్పేశారు. జెనోన్‌కి బస్సు తప్ప వేరే లోకం లేదు. సెలవు రోజున కూడా వేరేవాళ్ళు నడిపే బస్సెక్కి ఊరు చుట్టి వచ్చే మనిషి. "షెడ్డులో వేస్తే ఈయన ఏడాది బతకడు" అని బోగ్నా నాతో అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతిలోని గిన్నెను తుడిచిందే తుడుస్తోంది.

బిల్డింగులో అందరూ ఒప్పుకుంటే మా ముందు భాగాన్ని కూడా ఆ ఏడాది పనిలో చేర్చుకుంటామని రోడ్ల ఆఫీసు చెప్పింది. అందరూ సంతకాలు పెట్టారు, కింది ఇంటి గెనోవెఫా తప్ప.

ఆమె పెట్టకపోవడానికి కారణం మరియమ్మ గూడు. మా బిల్డింగు లేనప్పుడే, అక్కడ పొలాలు ఉన్నప్పుడే, గెనోవెఫా అత్తగారు రోడ్డు పక్కన కట్టించిన గూడు అది. తెల్ల సున్నం వేసిన దిమ్మె, దాని మీద అద్దాల పెట్టె, లోపల నీలం ముసుగుతో మరియమ్మ. మొహం రోడ్డు వైపు. గెనోవెఫా రోజూ పక్క బెంచీ మీద కూర్చుని, వెళ్ళే బండ్లలో ఎవరు సిలువ గుర్తు వేసుకుంటున్నారో చూసేది. లారీవాళ్ళు ఎక్కువ వేసుకుంటారని, కొత్త కార్లలో పోయేవాళ్ళు చూసీ చూడనట్టు పోతారని ఆమె లెక్క. జెనోన్ అయితే స్టీరింగు మీది చెయ్యి తీసి గుర్తు వేసుకోకుండా ఆ గూటిని ఎప్పుడూ దాటలేదు. ఆ బస్సులోనే గెనోవెఫా కూతురు లుత్సినా ఆసుపత్రి లాండ్రీలో రెండో షిఫ్టు దిగి ఇంటికి వస్తుంది. "జెనోన్ బండైతే నాకు బెంగ లేదు" అని గెనోవెఫా అప్పట్లో అందరితో అనేది.

బోగ్నా ఒక మధ్యాహ్నం గసగసాల కేకు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళింది. అక్కడ జరిగినదాన్ని గెనోవెఫా తరవాత మెట్ల మీద దొరికిన ప్రతివాళ్ళకీ అక్షరం మార్చకుండా చెప్పింది. తను అడిగిందట: "టీవీ తెర లాంటిదేనా అమ్మాయ్? అవతలది కనబడుతుందా?" బోగ్నా కేకు కోస్తూ అందట: "తెర అంటే చూడ్డానికే కదా పెద్దమ్మా. ఇంకో ముక్క వెయ్యనా?"

గెనోవెఫా సంతకం పెట్టింది. అద్దంలాంటిదేదో వస్తుందని, మరియమ్మ షాపు కిటికీలో ఉన్నట్టు రోడ్డుకు ఇంకా అందంగా కనబడుతుందని మురిసిపోయింది. గూటికి కొత్త రిబ్బన్లు కూడా కట్టింది.

ఏప్రిల్‌లో ఇనుప స్తంభాలు పాతారు. తరవాత వాటి మధ్య రేకులు దించారు. ముదురు ఆకుపచ్చ. రోడ్డు వైపు సన్నటి చిల్లులు, మా వైపు నున్నటి రేకు. గూడు మా వైపు ఉండిపోయింది. మరియమ్మకు, రేకుకు మధ్య మనిషి ఒదిగి నిలబడే చోటు మిగిలింది. అరవై ఏళ్ళుగా రోడ్డును చూసిన మొహం ముందు ఇప్పుడు ఆకుపచ్చ రేకు.

ఆ సాయంత్రం గెనోవెఫా మెట్ల మొదట్లో నిలబడి బోగ్నా కోసం కాచుకుంది. నేను కూరగాయల సంచీతో వస్తున్నాను, పక్కకు తప్పుకునే దారి లేదు.

"మీరు నాతో అబద్ధం ఆడారు" అంది గెనోవెఫా.

అంతకు ముందు రోజు దాకా "అమ్మాయ్, నువ్వు" అన్న మనిషి. ఆ "మీరు" వినగానే బోగ్నా మెడ బిగుసుకుంది.

"ఏం అబద్ధమో చెప్పండి."

"తెర అన్నారు."

"తెరే కదా పెట్టింది. కాగితంలో ఉంది, చదువుకోవాల్సింది."

"నాకు కళ్ళజోడు లేకపోతే అక్షరం ఆనదని తెలిసే కదా కేకు పట్టుకుని వచ్చారు. అదీ గొంతు దిగని కేకు, మేడమ్ గారూ."

బోగ్నా అన్నిటికన్నా ఆ కేకు మాటకే ఎర్రబడింది. గెనోవెఫా పక్క నుంచి దూసుకుని పైకి పోయింది. ఆ రోజు నుంచి వాళ్ళ మధ్య అమ్మాయ్ లేదు, పెద్దమ్మా లేదు. మేడమ్ గారూ, గెనోవెఫా గారూ అంతే. మా దగ్గర అంతకన్నా చెడ్డగా తిట్టుకోవడం ఉండదు.

తెర మాత్రం పనిచేసింది. నేను కప్పుల మధ్య నుంచి గుడ్డముక్కలు తీసేశాను. పైవాళ్ళు చెంచాలు సొరుగులో పడెయ్యడం, పక్కింటాయన దగ్గు, ఎవరో బంగాళాదుంపలు తురమడం, అన్నీ వినబడ్డాయి. ఇన్నాళ్ళూ మా మాటలన్నిటినీ రోడ్డు కప్పిపెట్టిందని అప్పుడే తెలిసింది. నేనూ మా ఆయనా గుసగుసగా పోట్లాడుకోవడం నేర్చుకున్నాం. జెనోన్ రెండు వారాల్లో వేరే మనిషయ్యాడు. నున్నగా గడ్డం గీసుకుని, మెట్ల మీద కనబడితే నా చేతిలో సంచీ అందుకునేవాడు. బోగ్నా కిటికీ పరదాలు ఉతికి ఇస్త్రీ చేసి కట్టింది.

అప్పుడు మే నెల వచ్చింది.

మే అంటే మరియమ్మ నెల. నెలంతా రోజూ గూటి ముందు ఆడవాళ్ళు చేరి పాడతారు. ఆ తల్లి పేర్లన్నీ ఒకదాని తరవాత ఒకటి ఒకరు పిలుస్తుంటే, మిగతావాళ్ళు ప్రతి పేరుకీ ఒకే జవాబు పలుకుతారు. మా దగ్గర అది ఎప్పుడూ సాయంత్రం ఏడింటికి. లారీల మోతలో ఎవరికీ వినబడదని గెనోవెఫా ఎన్నో ఏళ్ళ కిందటే చిన్న మైకు సెట్టు కొంది. ఆ ఏడాది ఆమె సమయాన్ని మధ్యాహ్నం ఒంటిగంటకు మార్చింది. అడిగితే తన మోకాళ్ళకు సాయంత్రం చలి పడటం లేదంది. మైకు మాత్రం మార్చలేదు.

పైగా ఎక్కడ నిలబడాలన్న ప్రశ్న వచ్చింది. దిమ్మె వెనక బోలెడు గడ్డి ఉంది. అక్కడ నిలబడి పాడొచ్చు కదా అని ఒకావిడ అడిగింది. "అమ్మ వీపుకు పాడతారా ఎవరైనా?" అంది గెనోవెఫా. ఆడవాళ్ళు అయిదుగురూ ఆ సందులో దూరి, రేకుకు వీపులు ఆనించి, మరియమ్మకు ఎదురుగా నిలబడ్డారు. అంటే మా బిల్డింగుకు ఎదురుగా. మైకు పెట్టె కూడా అటే తిప్పి పెట్టారు. ఆ పాట సూటిగా జెనోన్ కిటికీకి తగిలేది, తగలని కాస్తా వెనక రేకుకు కొట్టుకుని తిరిగి వచ్చేది. లారీలు ఆపడానికి కట్టినది పాటను రెట్టింపు చేసింది.

మూడో రోజున బోగ్నా కిటికీ తెరిచింది. చేతులకు ఇంకా సబ్బునురుగు ఉంది.

"ఆయన పడుకున్నారు, గెనోవెఫా గారూ."

గెనోవెఫా మైకును నోటి దగ్గర నుంచి తియ్యలేదు.

"మరియమ్మ ముందు పాడొద్దంటారా? గట్టిగా చెప్పండి మేడమ్ గారూ. ఇప్పుడు అందరికీ అన్నీ వినబడతాయిగా."

ప్రతి అంతస్తులోనూ పరదాలు కదిలాయి. నాది కూడా. బోగ్నా కిటికీ మూసుకుంది. మరియమ్మకు పాడవద్దని మే నెలలో ఎవరు అనగలరు? మా బిల్డింగులో చర్చికి వెళ్ళనివాళ్ళు కూడా అనరు.

జెనోన్ కళ్ళ కింద మళ్ళీ నల్లబడింది. గడ్డం మళ్ళీ పెరిగింది. చెవుల్లో దూది, దూది మీద దిండు, దిండు మీద దుప్పటి పెట్టి చూశారు. డిపోలో ఒక పొద్దున సంతకం పెట్టేటప్పుడు వాళ్ళ మేనేజరు అతని మొహంలోకి వంగి చూశాడట. బోగ్నా ఆ సంగతి నాతో చెబుతూ ఏడవలేదు. మా వంటింటి గడప మీదున్న మరకను గోటితో గీకుతూ చెప్పింది.

రోడ్ల ఆఫీసు నుంచి ఒక కుర్ర ఇంజనీరు తెర బిగింపు చూడటానికి వచ్చినప్పుడు గెనోవెఫా అతన్ని చెయ్యి పట్టుకుని గూటి దగ్గరికి లాక్కుపోయింది. అద్దంలాంటి పలకలు ఉంటాయని, చప్పుడును రేకులాగే ఆపుతాయని, గూటికి ఎదురుగా ఒక పలక మార్చొచ్చని అతను ఒప్పుకున్నాడు. అయితే దరఖాస్తు ఎవరు పెట్టారో వాళ్ళే మళ్ళీ అడగాలన్నాడు. దరఖాస్తు పెట్టింది బోగ్నా.

అలా ఇద్దరి చేతిలోనూ చెరొకటి ఉంది. ఒకరి చేతిలో పలక, ఇంకొకరి చేతిలో నిద్ర. మధ్యలో నేను మెట్లెక్కి దిగాను, ఎందుకంటే వాళ్ళు ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. పలక వేయిస్తానని బోగ్నా కబురు పంపింది. మే నెల పాటలు మళ్ళీ ఏడింటికే పాడతానని, కానీ ఆ కేకు రోజున తను అడిగిందేమిటో, బోగ్నా చెప్పిందేమిటో బోగ్నాయే మైకులో అందరూ వినేలా చెప్పాలని గెనోవెఫా కబురు పంపింది. చెప్పదనే అనుకున్నాను. బోగ్నా ఆ సాయంత్రమే మంచి గౌను వేసుకుని కిందికి దిగింది.

మైకు ఆమె చేతిలో పెట్టి గెనోవెఫా రెండడుగులు వెనక్కి వేసింది. పెరట్లో బట్టలు ఆరేసేవాళ్ళు ఆగిపోయారు.

"నేను బోగ్నాని. తెర అవతలది కనబడుతుందా అని గెనోవెఫా గారు అడిగారు. కనబడదని నాకు తెలుసు. ఆఫీసులో బొమ్మ చూశాను, ఆకుపచ్చ రేకులని అందులో ఉంది. అయినా తెర అంటే చూడ్డానికే అన్నాను."

"ఎందుకన్నారు?" అంది గెనోవెఫా.

"ఆయన నిద్ర కోసం."

"ఆ మాట నన్ను అడగొచ్చుగా."

"అడిగితే ఒప్పుకునేవారా?"

గెనోవెఫా ముందుకు వచ్చి మైకు తన చేతిలోకి తీసుకుంది. మైకు దగ్గరగా ఉండటంతో ఆమె ఊపిరి కూడా మా అందరికీ వినబడింది.

"ఒప్పుకునేదాన్ని కాదు" అంది.

పైన మొదటి అంతస్తు కిటికీలో జెనోన్ డ్యూటీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. మెట్ల మీది మాటలు ఎవరూ ఆయన చెవిన వెయ్యలేదు, అందరూ ఇష్టపడి ఒప్పుకున్నారనే ఆయన అప్పటిదాకా నమ్మాడు. కిటికీ మెల్లగా మూశాడు. ఆ రాత్రి బస్సు తియ్యడానికి వెళ్తూ భార్యతో ఒక్కటే అన్నాడట: "నా నిద్రను కేకు పెట్టి తెచ్చావా?" తరవాత కొన్నాళ్ళు ఆ ఇంట్లో మాటలు లేవు. అన్నీ వినబడే రోజుల్లో ఒక ఇంట్లోంచి ఏమీ వినబడకపోతే అది కూడా తెలిసిపోతుంది.

పలక నెలాఖరుకు వచ్చింది. నీళ్ళలా తేటగా ఉంది. దాని మీద రెక్కలు చాచిన నల్ల గద్దల బొమ్మలు నాలుగు అంటించి ఉన్నాయి. గెనోవెఫా చూసి చీపురు కింద పడేసింది.

"నా తల్లి నెత్తిన గద్దల్ని వాలించారా?"

అద్దం కనబడక పిట్టలు గుద్దుకుని చస్తాయని, గద్ద నీడ చూస్తే పక్కకు పోతాయని, అది నియమమని ఇంజనీరు ఓపికగా చెప్పాడు.

"పావురాల బొమ్మలు పెట్టకూడదా?"

"పావురాన్ని చూసి ఏ పిట్ట భయపడుతుందండీ?"

ఆమె చీపురు తీసుకుని పలక కిందంతా విసురుగా ఊడ్చింది. అయినా ఆ మధ్యాహ్నమే ఒక లారీ డ్రైవరు గద్దల మధ్య నుంచి మరియమ్మను చూసి సిలువ గుర్తు వేసుకున్నాడు. గెనోవెఫా బెంచీ మీద నుంచి లేచి నిలబడింది. మళ్ళీ ఏడింటికే పాడింది. జెనోన్ పడుకున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాం.

జూన్ ఒకటిన మధ్యాహ్నం ఒంటిగంటకు మైకు కిర్రుమంది. ఆడవాళ్ళు సందులో దూరి గొంతులు సవరించుకుంటున్నారు. బోగ్నా చెప్పులు కూడా లేకుండా కిందికి పరుగెత్తింది.

"మాట ఇచ్చారు మీరు."

"ఇచ్చాను. మే నెల పాటలు ఏడింటికి అన్నాను. మే అయిపోయింది, మేడమ్ గారూ. జూన్ యేసు తిరుహృదయం నెల. జూన్ సంగతి మీరు అడగలేదు." గెనోవెఫా పాటల పుస్తకం తెరిచింది. "మాట సరిగ్గా వినాలి. నాకు ఆ బుద్ధి మీ దగ్గరే వచ్చింది."

జూన్ తరవాత ఏమిటని నేను మనసులో వెతుక్కున్నాను. అక్టోబరు జపమాల నెల. ఆ మధ్యలో పండగలు ఎన్ని ఉన్నాయో గెనోవెఫాకి నోటికి వచ్చు.

వారం తిరగకుండా జెనోన్ మొహం మళ్ళీ పాతదైపోయింది. రెండు సార్లు తాళంచెవి తలుపులోనే మరిచి లోపలికి పోయాడు. ఒక పొద్దున వేరేవాళ్ళ అంతస్తు ఎక్కి తలుపు కొట్టాడు. డిపోలో సోమవారం నుంచి పక్కన ఒకరిని కూర్చోబెట్టి పరీక్షిస్తామన్నారట.

ఆ శుక్రవారం పాట మధ్యలో ఉండగా ఆయన కిందికి దిగాడు. బనీను, పైజామా, ఇంటి చెప్పులు. ఒక చెంప మీద దిండు గీతలు. మైకు పెట్టెను ఎత్తి నేలకేసి కొడతాడనుకుని ఒకావిడ పక్కకు జరిగింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. ముందు మరియమ్మ వైపు తిరిగి సిలువ గుర్తు వేసుకున్నాడు. ఆ తరవాత గెనోవెఫా ముందు నిలబడ్డాడు. పాట ఆగింది.

"పెద్దమ్మా" అన్నాడు. మా బిల్డింగులో ఆ మాట విని రెండు నెలలైంది. "ఈ రాత్రి కూడా బండి నేనే తీస్తాను. లుత్సినా ఎప్పుడూ కూర్చునేచోటే కూర్చుంటుంది, నా వెనక కిటికీ పక్కన. ఆమె కళ్ళు మూసుకుంటుంది. నేను మూసుకోకూడదు. మొన్న వంతెన మీద మూతపడ్డాయి. ఎంతసేపో నాకు తెలీదు."

మైకు తెరిచే ఉంది. అయిదంతస్తులూ విన్నాయి.

"బెదిరిస్తున్నావా?" అంది గెనోవెఫా.

"లేదు. జరిగింది చెబుతున్నాను. తెర సంగతిలో మీకు ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పలేదుగా. ఇది చెబుతున్నాను."

ఆయన వెనక్కి తిరిగి చెప్పులు ఈడ్చుకుంటూ మెట్లెక్కాడు. గెనోవెఫా పుస్తకంలోకి చూసింది. పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది. తరవాత వంగి మైకు మీట నొక్కేసింది. మిగతా ఆడవాళ్ళు ఇళ్ళకు పోయారు.

బోగ్నా పొద్దుట ఉతికిన పరదాలు చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరే ఉంది. గెలిచానని అనుకుందో లేదో నేను చెప్పలేను. ఆమె మొహంలో అలాంటిదేమీ లేదు.

మర్నాడు ఒంటిగంటకు గెనోవెఫా ఒక్కతే వచ్చింది. మైకు లేదు. ఎప్పటిలాగే సందులో దూరి, ఇప్పుడు తేటగా ఉన్న పలకకు వీపు ఆనించి నిలబడింది. ఆమె తల వెనక గద్దలు, గద్దల వెనక లారీలు. పుస్తకం తెరిచి పాడటం మొదలుపెట్టింది. పెదవులు కదిలాయి. గొంతు లేదు. ఒక్కో పేరూ పెదవులతో పలికింది. జవాబు కూడా తనే పెదవులతో పలికింది. మొత్తం ప్రార్థన, ఒక్క పేరు వదలకుండా. కళ్ళు మాత్రం మరియమ్మ మీద లేవు, మొదటి అంతస్తు కిటికీ మీద ఉన్నాయి.

బోగ్నా వాళ్ళ పడకగదిలోంచి జెనోన్ గుర్రు సన్నగా మా దాకా వినబడింది. బోగ్నా పరదా వెనక నిలబడి, కుళాయి కూడా తిప్పకుండా, ఆ పెదవులు ఆగేదాకా చూసింది. జూన్‌లో ఆ తరవాత ప్రతి మధ్యాహ్నమూ అలాగే చూసింది.